సోదా మూడు గంటలు, ఫోను మూడు నెలలు: బెంగళూరులో నా అనుభవం

2025 ఫిబ్రవరి 12, బుధవారం ఉదయం మా ఇంట్లో పోలీసులు సోదా చేశారు. ఆ రోజు పట్టుకెళ్లిన నా ఫోను మే నెలాఖరుకు తిరిగి వచ్చింది. ఆఫీసు ల్యాప్‌టాప్ అంతకంటే ముందే వచ్చింది. ఒక హార్డ్‌డిస్కు మాత్రం ఇంకా స్టేషన్లోనే ఉంది. ఇలాంటివి మన ఇళ్లలో జరగవనే ధీమాతో ఎవరూ వీటి గురించి ముందుగా తెలుసుకోరు. నాకూ ఆ ఉదయం దాకా ఏమీ తెలియదు. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి స్టేషన్ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

మేము ఉండేది మారతహళ్లి దగ్గర మున్నెకొళాలలో. నేను, మా ఆయన, పాప, అత్తగారు, రెండేళ్లుగా మా తమ్ముడు. వాడు కోర్సు చేస్తూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. కోర్సులో పరిచయమైనవాడెవడో "నీ బ్యాంకు ఖాతాలోకి కొంత డబ్బు వస్తుంది, తీసి ఇస్తే కమిషన్ ఇస్తాను" అంటే ఒప్పుకున్నాడు. వచ్చిన డబ్బు సైబర్ మోసంలో ఎవరో పోగొట్టుకున్నది. బాధితులు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ డబ్బు దారి పట్టుకుని పోలీసులు మా తమ్ముడి ఖాతా దాకా వచ్చారు. ఖాతా స్తంభించిన సంగతి వాడికి జనవరిలోనే తెలుసు. మాకు చెప్పలేదు.

ఉదయం ఆరున్నర దాటాక బెల్లు మోగితే పాలవాడనుకుని అత్తగారు తలుపు తీశారు. ఒక ఇన్‌స్పెక్టర్, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక మహిళా కానిస్టేబుల్, వాళ్ల వెంట మామూలు దుస్తుల్లో ఒక కుర్రాడు. మా ఆయన ఆఫీసు పని మీద హైదరాబాద్‌లో ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ కన్నడంలో మొదలుపెట్టి, మా మాట విని తెలుగులోకి మారారు. బెంగళూరు పోలీసుల్లో తెలుగు వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ తెలుగు వినగానే నా భయం కాస్త తగ్గింది. తగ్గాల్సిన కారణమేమీ లేదు, అయినా తగ్గింది.

"వారెంట్ ఉందా సార్?" అని అడిగాను. అడగవలసిన ప్రశ్న అదొక్కటే నాకు తెలుసు. "దీనికి అక్కర్లేదమ్మా, కారణాలు రాసి పెట్టే వచ్చాం" అన్నారు. ఆయన అన్నది నిజమేనని తర్వాత మా లాయరు చెప్పారు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 185వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తు చేస్తున్న అధికారి ఆలస్యమైతే వస్తువులు దొరకవని భావిస్తే వారెంట్ లేకుండానే సోదా చేయవచ్చు. అయితే ఎందుకు చేస్తున్నారో, దేనికోసం వెతుకుతున్నారో ముందే కాగితం మీద రాయాలి. దాని నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఇంటివాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే మేజిస్ట్రేట్ దగ్గర ఆ నకలు ఉచితంగా ఇస్తారు. ఈ చివరి ముక్క దగ్గరికి మళ్లీ వస్తాను, నా ల్యాప్‌టాప్ తిరిగి వచ్చింది దానివల్లే.

ఫోన్లన్నీ బల్ల మీద పెట్టమన్నారు. మా ఆయనకు చెప్పాలంటే స్పీకరు పెట్టి మాట్లాడమన్నారు. ఆయన గొంతు వినగానే నాకు ఏడుపొచ్చింది, పాప ఎదుటే. అప్పటిదాకా అదొక ఆట అనుకున్న పాప కూడా అందుకుంది. ఇక ఆ రోజు దానికి స్కూలు లేదు.

సోదాకు ఇద్దరు సాక్షులు ఉండాలి. వాళ్లు ఆ చుట్టుపక్కల ఉండే, ఏ పక్షానికీ చెందని, నలుగురిలో పరువున్న మనుషులై ఉండాలని చట్టం. పోలీసులు వెంట తెచ్చుకున్న కుర్రాడు ఒక సాక్షి. వాడు మా వీధివాడు కాడు. స్టేషన్ దగ్గర టీకొట్టులో పనిచేస్తాడని తర్వాత తెలిసింది. రెండో సాక్షి కోసం ఎదురింటి తలుపు కొట్టారు. వాళ్లు తీయలేదు. కిటికీ తెర కదలడం మాత్రం నేను చూశాను. వాళ్లతో మాకు గొడవలేమీ లేవు, మొన్న సంక్రాంతికి అరిసెలు పంపించుకున్నవాళ్లం. పై అంతస్తు పెద్దాయన మాత్రం పిలవగానే చొక్కా గుండీలు పెట్టుకుంటూ దిగి వచ్చారు. అనంతపురం వైపు రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పంచనామాలు ఎన్నో చూసిన అనుభవం. ఆ రోజు ఆయన రాకపోతే ఈ రాత ఇంకోలా ఉండేది.

ఆయన వచ్చీ రాగానే ఇన్‌స్పెక్టర్‌కు నమస్కారం పెట్టి, "సార్, వీడియో మొదలైందా?" అని నిదానంగా అడిగారు. అప్పటికే ఒక కానిస్టేబుల్ తమ్ముడి గదిలో అల్మారా తెరుస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఆయన వైపోసారి చూసి, మహిళా కానిస్టేబుల్‌కు సైగ చేశారు. ఆమె ఫోను తీసి చిత్రీకరణ మొదలుపెట్టింది. 2024 జూలై 1న కొత్త చట్టాలు అమలులోకి వచ్చినప్పటి నుంచి సోదా, జప్తు, జాబితా రాయడం, సాక్షుల సంతకాలు అన్నీ వీడియో తీయాల్సిందే. అది అదే సంహితలోని 105వ సెక్షన్. ఆ వీడియోను ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. కోపం లేకుండా, మర్యాద తగ్గకుండా అడిగితే పోలీసులు కూడా కాదనలేరని ఆయన్ని చూసి తెలిసింది. అదే మాట నేనడిగి ఉంటే గొడవ పెట్టుకున్నట్టు వినిపించేది. నా గొంతు అంతగా వణుకుతోంది.

నా చేతిసంచి, నా ఒంటి మీద తనిఖీ మహిళా కానిస్టేబులే చేసింది. పడకగదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. అప్పుడు ఆమె ఫోను అత్తగారి చేతిలో పెట్టి, "నేను బయటికి వచ్చాక మళ్లీ తీసుకుంటా" అంది. స్త్రీని స్త్రీయే, మర్యాదకు భంగం లేకుండా తనిఖీ చేయాలన్నది ఎప్పటి నుంచో ఉన్న నియమం. ఆమె మెత్తగానే చేసింది. అయినా సొంత పడకగదిలో చేతులు చాచి నిలబడినప్పుడు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. అత్తగారు బయటి నుంచి "మా కోడలు ఏం దొంగతనం చేసిందమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నా తరఫున అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

బీరువా దగ్గర నాకు వేరే భయం పట్టుకుంది. అందులో అత్తగారి నగలున్నాయి. పెద్దాయన ప్రతి డబ్బా వీడియోలో పడేట్టు తెరిపించి, మళ్లీ మూయించారు. ఏదీ పోలేదు. వంటగది వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. తమ్ముడి గదిలో మాత్రం పరుపు కింద దాకా వెతికారు. పాప ట్యాబ్ కూడా తీసి పక్కన పెడితే, అందులో అన్నీ బొమ్మల పాటలేనని తెరిచి చూపించాను. ఇన్‌స్పెక్టర్ నవ్వి వదిలేశారు.

తమ్ముడి ఫోను, ల్యాప్‌టాప్, పాసుపుస్తకాలు, డెబిట్ కార్డులు తీసుకున్నారు. అవి తీసుకుంటారని తెలిసిందే. నా ఫోను ఎందుకంటే, ఆ ఖాతా తెరిచినప్పుడు వాడికి సొంత నంబరు లేక నాది ఇచ్చాం. తర్వాత వాడు మార్చుకున్నాడు, కానీ బ్యాంకు రికార్డులో పాత నంబరు కనబడుతోంది. నా ఆఫీసు ల్యాప్‌టాప్‌కు అలాంటి కారణమూ లేదు. "ఇంట్లో ఉన్న పరికరాలన్నీ" అన్నారు. మా పెళ్లి ఫోటోలు, పాప పుట్టినప్పటి వీడియోలు ఉన్న హార్డ్‌డిస్కు తమ్ముడి బల్ల సొరుగులో ఉంది, అది కూడా వాడి సామాన్లలో చేరిపోయింది.

ఫోను లాక్ తీయమని నోటిమాటగా అడిగారు. "రాతపూర్వకంగా అడిగితే ఇస్తాను సార్" అన్నాను. ఆ ధైర్యం ఎక్కడిదో తెలియదు. ఆయన రెట్టించలేదు. వారం తర్వాత నోటీసు వచ్చింది. 2021లో కర్ణాటక హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గురించి అప్పుడు మా లాయరు చెప్పారు. పాస్‌వర్డు కోసం పోలీసులు నోటీసు ఇవ్వవచ్చు, మనం ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లి వారెంట్ తెచ్చుకోవచ్చు. ఎలాగూ వాళ్లు తెరవగలిగేదే కాబట్టి, ఫోను త్వరగా రావాలంటే ఇవ్వడమే నయమన్నారు. రాసి ఇచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దాచాల్సిన నేరం ఏదో ఉండి కాదు. అత్తగారి మీద చెల్లెలికి పంపిన ఫిర్యాదులు, డాక్టరుకు పంపిన రిపోర్టులు, ఇవన్నీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చదువుతాడన్న ఊహే ఒళ్లు జలదరించేలా చేసింది.

వెతకడం కంటే పంచనామా రాయడానికే ఎక్కువసేపు పట్టింది. ఇక్కడ దాన్ని మహజరు అంటారు. చేతిరాత, కన్నడంలో. మన లిపికి దగ్గరి లిపి కాబట్టి కూడబలుక్కుంటే తెలుగువాళ్లకు చాలా వరకు తెలుస్తుంది. సంతకం పెట్టమన్నప్పుడు పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని, "చదవకుండా పెట్టే అలవాటు లేదు సార్" అని మొదటి నుంచి చివరి దాకా పైకి చదివారు. "ఒక నల్ల ల్యాప్‌టాప్, ఒక ఫోను, ఒక హార్డ్‌డిస్కు" అని ఉంది. అంతే. నల్ల ల్యాప్‌టాప్‌లు ఆ స్టేషన్లో ఎన్ని ఉంటాయో! ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు, *#06# నొక్కితే వచ్చే, ఏ ఫోనుకు ఆ ఫోనుకే ఉండే ఐఎంఈఐ నంబర్లు రాయమని అడిగాం. రాశారు. ల్యాప్‌టాప్ మీద ఉన్న కంపెనీ ఆస్తి స్టిక్కరు నంబరూ రాయించాం. హార్డ్‌డిస్కు దగ్గరికి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్‌కు విసుగొచ్చింది, "అది చాలమ్మా" అని తేల్చేశారు. పరికరాలను కవర్లలో పెట్టి, సీలు వేసి, సాక్షుల సంతకాలు తీసుకున్నారు. నాకు ఒక నకలు ఇచ్చారు. సాక్షుల సంతకాలున్న ఆ నకలు ఇవ్వడం వాళ్ల బాధ్యత, మన మీద దయ కాదు. వాళ్లు వెళ్లేసరికి పది దాటుతోంది.

తమ్ముణ్ణి అరెస్టు చేస్తారేమోనని అత్తగారు దేవుడి గదిలో కూర్చున్నారు. అరెస్టు చేయలేదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు ముందు హాజరు కావాలని నోటీసు ఇస్తారు, వాడికి అదే ఇచ్చారు. వాడు ఇప్పటికీ పిలిచినప్పుడల్లా వెళ్తున్నాడు. నా వాంగ్మూలం కోసం నన్ను కూడా స్టేషన్‌కు రమ్మని కబురు వచ్చింది. సాక్షిగా విచారించే స్త్రీని ఇంటి దగ్గరే విచారించాలని లాయరు గుర్తు చేస్తే, మరుసటి వారం మహిళా కానిస్టేబుల్‌తో ఇంటికే వచ్చి రాసుకున్నారు. చివర్లో సంతకం అడిగారు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం పెట్టనక్కర్లేదని అప్పటికే తెలుసు కాబట్టి పెట్టలేదు.

ఫోను లేకుండా బెంగళూరులో బతకడం ఎలాంటిదో ఆ సాయంత్రమే తెలిసింది. కూరగాయల బండి దగ్గర ఇవ్వడానికి చేతిలో నోటు లేదు. మా ఆయన నంబరు తప్ప ఇంకొకటి నోటికి రాదు. సిమ్ కూడా జప్తు జాబితాలో ఉంది. స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు తీసుకున్నాకే డూప్లికేట్ సిమ్‌కు వెళ్లాలని లాయరు చెప్పారు. సిమ్ వచ్చింది, కాల్స్ వెళ్తున్నాయి, ఓటీపీలు మాత్రం రావు. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారట, మోసాలు జరగకుండా. మోసం కేసులో చిక్కుకుని, మోసాలు ఆపే నియమం వల్ల బ్యాంకు తెరవలేక కూర్చున్నాను. కొత్త ఫోనుకు పద్నాలుగు వేలు అయింది.

ఆఫీసులో చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ముందు మేనేజర్, తర్వాత హెచ్ఆర్, ఆ తర్వాత సెక్యూరిటీ విభాగం. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పాలి, ప్రతిసారీ "నా మీద కేసు లేదు" అని కలపాలి. మహజరు నకలులో సీరియల్ నంబరు, స్టిక్కరు నంబరు కనబడ్డాకే వాళ్ల స్వరం మారింది. అది లేకపోతే ల్యాప్‌టాప్ పోలీసులే పట్టుకెళ్లారని నేనేం చూపించి నమ్మించేదాన్ని?

ఫిబ్రవరి ఆఖరి వారంలో నృపతుంగ రోడ్డులోని కోర్టులో దరఖాస్తు వేశాం. కుందలహళ్లిలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే సర్ ఎం. విశ్వేశ్వరయ్య స్టేషన్లో దిగి నడవచ్చు. ఆటోకు వందలు పోయకండి. లాయరు ఫీజు పద్దెనిమిది వేలు. ముందుగా సోదా కారణాలు రాసిన కాగితం నకలు అడిగాం. వచ్చింది. అందులో తమ్ముడి ఫోను, కంప్యూటరు, బ్యాంకు కాగితాలు అని మాత్రమే ఉంది. నా ల్యాప్‌టాప్ ప్రస్తావన ఎక్కడా లేదు. జప్తు చేసిన వస్తువులు తిరిగి ఇప్పించమని 503వ సెక్షన్ కింద వేసిన దరఖాస్తుకు అదే బలమైంది. ల్యాప్‌టాప్ కోసం కంపెనీ తన ప్రతినిధితో, కొనుగోలు బిల్లుతో విడిగా దరఖాస్తు వేసింది. దానికి పోలీసులు పెద్దగా అడ్డు చెప్పలేదు. మార్చి చివరికి తిరిగి వచ్చింది.

ఫోను విషయంలో అభ్యంతరాలు వేశారు, ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాలి కాబట్టి ఇవ్వలేమని. వాయిదా మీద వాయిదా. వస్తువులను స్టేషన్లలో పదిహేను రోజులు, మహా అయితే నెల కంటే ఎక్కువ ఉంచకూడదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పిందని మా లాయరు వాదించారు. ఆ మాట అన్నప్పుడు కోర్టు హాల్లో ఒకరిద్దరు నవ్వుకోవడం విన్నాను. ఫోను నాదేనని చూపించడానికి బిల్లు కావాలి. ఆన్‌లైన్‌లో కొన్నది, బిల్లు కోసం ఖాతా తెరిస్తే ఓటీపీ అడుగుతుంది. డూప్లికేట్ సిమ్ అప్పటికే పని చేస్తోంది కాబట్టి బతికిపోయాను.

ఏప్రిల్ మూడో వారంలో ఉత్తర్వు వచ్చింది. ఫోనులోని సమాచారం కాపీ తీసుకుని, ఫోటోలు తీసి, యాభై వేల బాండు మీద, ఒకరి పూచీకత్తుతో తాత్కాలికంగా ఇవ్వమని. పూచీకి పెద్దాయన వెంటనే సిద్ధపడ్డారు, సొంత ఫ్లాటు ఉంది, పన్ను రసీదులున్నాయి. మహజరు సాక్షి పూచీ ఇవ్వడం బాగుండదని లాయరు వద్దన్నారు. మా ఆయన సహోద్యోగి ఒకరు సెలవు పెట్టి వచ్చారు. స్టాంపులు, నకళ్లు, నోటరీ కలిపి రెండు వేల పైన అయింది. ఉత్తర్వు పట్టుకుని స్టేషన్‌కు వెళ్తే, కాపీ తీయడానికి కొత్త హార్డ్‌డిస్కు మీరే కొనుక్కురండి అన్నారు. ఐదు వేలు. లంచం అడుగుతారేమోనని నేను నెలల తరబడి భయపడ్డాను, అది మాత్రం ఎవరూ అడగలేదు. కాపీ వంతు వచ్చేసరికి మరో నెల గడిచింది.

మే నెలాఖరున నా ఎదుటే సీలు కోసి, నంబర్లు సరిచూసి, ఫోను ఇచ్చారు. ఛార్జింగ్ పెడితే అరగంట తర్వాత వెలిగింది. కేసు ముగిసేదాకా దాన్ని అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, కోర్టు అడిగితే తెచ్చి చూపించాలి అని బాండులో ఉంది. అందులోంచి ఏదీ చెరపవద్దని లాయరు విడిగా చెప్పారు. ఎక్స్‌ఛేంజిలో వేయడానికీ లేదు, వాడుకోవడానికి మనసూ రాదు.

హార్డ్‌డిస్కు సంగతి. జాబితాలో నంబరు లేదు, తమ్ముడి సామాన్లున్న కవరులో ఉంది. "అది మీదేనని రుజువేమిటి?" అంటున్నారు. దాని మీద పాప అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు ఉంది. కవరులో పెట్టేటప్పుడు అది వీడియోలో పడిందని పెద్దాయన ఖాయంగా చెబుతున్నారు. ఆ వీడియో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లింది కాబట్టి, దాన్ని చూసి నిర్ణయించమని రెండో దరఖాస్తు వేశాం. పోలీసులు ఇంకా అభ్యంతరాలు దాఖలు చేయలేదు. వాయిదా వచ్చే నెలకు పడింది.